కొలిచేదెవరు, నిర్ణయించేదెవరు?

ఫ్రెండ్స్, ఈ వారం జీఎస్ పేపర్-3 కోసం భూగర్భజలాల మీద నోట్స్ పెడతానని చెప్పాను. దానికంటే ముందు, మొన్నటి టెస్టులో నాకు వచ్చిన నాలుగు మార్కుల గురించి చెప్పాలి.

ప్రశ్న మామూలుదే: భూగర్భజలాల క్షీణతకు పరిష్కారాలు సూచించండి. 15 మార్కులు. మీరూ నేనూ ఎప్పుడూ రాసేదే రాశాను. "పర్యవేక్షణను బలోపేతం చేయాలి. ప్రజల భాగస్వామ్యం పెంచాలి. సమగ్ర నిర్వహణ చేపట్టాలి." పేపర్ దిద్దినవారు మూడు వాక్యాల కిందా ఎర్ర పెన్నుతో ఒకే మాట రాశారు: ఎవరు?

మొదట కోపం వచ్చింది. తర్వాత, పోయిన ఎండాకాలం నాన్న చేసిన ఫోన్ గుర్తొచ్చింది. మాది అనంతపురం జిల్లా. రెండెకరాల చీనీ తోట. పాత బోరు ఎండిపోయింది. "ఇంజినీరింగ్ చదివినావు, కలెక్టర్ పరీక్షకు చదువుతా ఉండావు. నువ్వు చెప్పు నాయనా, ఇంకో బోరు ఏయించల్లా వద్దా?" అని అడిగాడు.

వేయించమన్నాను. ఊళ్లో నీటి మట్టం ఎంత లోతున ఉందో, చుట్టూ ఎన్ని బోర్లు పనిచేస్తున్నాయో, ఆ ఏడు వాన ఎంత ఇంకిందో నాకు తెలియదు. 480 అడుగులు వేశారు. దుమ్ము తప్ప చుక్క పడలేదు. అప్పు మిగిలింది, సగం చెట్లు ఎండిపోయాయి. నాన్న ఒక్క మాట అనలేదు. అందుకే ఆ 'ఎవరు?' అన్న ప్రశ్న నాకు గట్టిగా తగిలింది.

జవాబు వెతుక్కుంటూ న్యూజిలాండ్ దాకా వెళ్లాను. అక్కడ 1989లో స్థానిక పాలనను సంస్కరించినప్పుడు ప్రాంతీయ మండళ్లు ఏర్పాటు చేశారు. వాటి సరిహద్దులను చాలావరకు నదీ పరివాహక ప్రాంతాలను అనుసరించి గీశారు. సభ్యులను మూడేళ్లకోసారి ప్రజలే ఎన్నుకుంటారు. 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం ఈ మండళ్లకు రెండు పనులు కలిపి ఇచ్చింది: పర్యావరణ స్థితిని కొలవడం, నీళ్లు తోడుకోవడానికి అనుమతులు ఇవ్వడం. అనుమతి ఉండి సెకనుకు 5 లీటర్లు, అంతకు మించి తోడేవాళ్లు మీటరు పెట్టి లెక్క చూపాలని 2010లో నిబంధన వచ్చింది.

టౌపో సరస్సు మంచి కేస్ స్టడీ. చుట్టూ ఉన్న పశువుల ఫారాల నుంచి నైట్రోజన్ భూమిలోకి ఇంకి సరస్సులో చేరుతోందని కొలతల్లో తేలింది. భూగర్భం గుండా అది సరస్సును చేరడానికి దశాబ్దాలు పట్టొచ్చు. అంటే నీళ్లు పాడైనట్టు కంటికి కనిపించే నాటికి ఆలస్యమైపోతుంది. వైకాటో ప్రాంతీయ మండలి ఒక్కో ఫారానికి నైట్రోజన్ పరిమితి పెట్టింది. మొత్తం భారాన్ని 20 శాతం తగ్గించడానికి ప్రజాధనంతో ఒక నిధి ఏర్పాటు చేశారు. భారం రైతు నెత్తిన మాత్రమే వేయలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

అయితే మండలి ఉంటే చాలు, అంతా బాగుంటుందని రాయకండి. 2016 ఆగస్టులో హేవ్‌లాక్ నార్త్ అనే చిన్న పట్టణంలో తాగునీటి బోర్లు కలుషితమై వేలాదిమంది జబ్బుపడ్డారు. నీటి వనరును కాపాడాల్సింది ప్రాంతీయ మండలి, నీళ్లు సరఫరా చేయాల్సింది జిల్లా మండలి. రెండింటి మధ్య సరైన సహకారం లేదని విచారణ తేల్చింది.

మరి మన దగ్గర కొలతలు లేవా? ఉన్నాయి. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు పరిశీలక బావుల్లో నీటి మట్టం కొలుస్తుంది. బోర్లను నియంత్రించడానికి మనకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది. కొలిచేది ఒకరు, అనుమతి ఇచ్చేది ఇంకొకరు, కరెంటు ఇచ్చేది మరొకరు. మా నాన్న ఈ ముగ్గురినీ కాకుండా నన్ను అడిగాడు.

చదువుతుంటే తెలిసిన ఇంకో సంగతి నన్ను సిగ్గుపడేలా చేసింది. రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు ఒకటి 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో మొదలైంది. ఎఫ్ఏఓ సాయం చేసింది. అందులో మా అనంతపురమూ ఉంది. రైతులే వానమాని చూసి, బావుల్లో మట్టం కొలిచి, లెక్కలు ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత వేయొచ్చో బడ్జెట్ వేసుకునేవారు. పంచాయతీ హద్దులు కాకుండా వాగు పరివాహకాన్నే యూనిట్‌గా తీసుకున్నారు. వరి తగ్గించమని ఎవరినీ శాసించలేదు, లెక్క చూసి చాలామంది తామే పంట మార్చుకున్నారు. కాకపోతే పక్క రైతు కొత్త బోరు వేస్తే ఆపే అధికారం ఆ కమిటీలకు లేదు. పైగా ప్రాజెక్టుకు గడువు ఉంటుంది, నీటి అవసరానికి ఉండదు.

ఇక్కడే పాలిటీ పుస్తకం తెరవండి. పదకొండో షెడ్యూల్‌లో నీటి నిర్వహణ, వాటర్‌షెడ్ అభివృద్ధి ఉన్నాయి. 243జెడ్‌డి అధికరణం ప్రకారం జిల్లా ప్రణాళిక కమిటీ నీటి పంపకాన్నీ, పర్యావరణ పరిరక్షణనూ దృష్టిలో పెట్టుకుని ముసాయిదా ప్రణాళిక తయారుచేయాలి. సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల నుంచి ఎన్నికైనవారు. అంటే మన ప్రాంతీయ మండలికి పునాది రాజ్యాంగంలోనే ఉంది. దాని చేతికి కొలతలు, సిబ్బంది, నిధులు అందాలి. నేను మళ్లీ రాసిన జవాబులో ముగింపు ఇదే.

ఈ వారం అభ్యాసం: "భూగర్భజలాల నిర్వహణలో స్థానిక సంస్థల పాత్రను పరిశీలించండి" అనే ప్రశ్నకు 250 పదాల్లో జవాబు రాయండి. "చేయాలి" అని రాసిన ప్రతిచోటా ముందు కర్త ఉందో లేదో చూసుకోండి. ఇంకో పని: మీ మండలంలో పరిశీలక బావి ఎక్కడుందో, ఇప్పుడు నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో కనుక్కోండి. మా మండలం లెక్క తీసుకుని నిన్న నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని, "ఈ మాట పోయినేడు చెప్పింటే బాగుండు నాయనా" అన్నాడు.