అంటు - ఆదరణ

తెలుగున “అంటు” అను చిన్నమాటకు ఎన్ని అర్థములు గలవో చూడుడు. తాకుట అంటుట. నిప్పు రాజుకొనుట అంటుకొనుట. మేలిజాతి మామిడికొమ్మను నాటుమొక్కకు కట్టి రెండింటిని ఒక్కటి చేసిన, అది అంటుమామిడి. ఒకరి రోగము మరియొకరికి వచ్చిన, అది అంటువ్యాధి. పండునిచ్చు అంటును, ప్రాణము తీయు అంటును ఒక్క మాటలోనే ఇమిడియున్నవి. గుంపుగా బ్రతుకు ప్రాణులన్నింటికిని గల చిక్కు ఇదియే. కలిసియున్న తిండి దొరకును, రక్షణ దొరకును. కలిసియున్నందుననే రోగమును దొరకును.

ఈ చిక్కును మూగజీవులు ఎట్లు విప్పుకొనుచున్నవో చదివి తెలిసికొనుట నాకు కొంతకాలముగా అలవాటైనది. తిరుపతిలో తెలుగు పండిత శిక్షణ పొంది ఈ బెంగుళూరికి వచ్చిన నేను శాస్త్రజ్ఞుడను కాను. అయినను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును పనికివచ్చు సంగతి ఇందు కలదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చీమలబారును చూడని బాలుడు లేడు. ఎదురైన చీమలు రెండును మీసములు తాకించుకొని పోవుట అందరెరిగినదే. ఇరుకుగదులలో వేల చీమలు ఒకదానినొకటి తాకుచు బ్రతుకునట్టి పుట్టలో ఒక్కదానికి బూజుతెగులు సోకినచో పుట్టయంతయు నశింపవలసినదే కదా! అట్లు తరచుగా జరుగుట లేదు. 1958లో ఎడ్వర్డ్ విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక విషయమును కనుగొనిరి. చచ్చిన చీమ దేహమున పుట్టు ఓలియిక్ ఆమ్లపు వాసనను బట్టి తక్కినవి దానిని చెత్తకుప్పకు మోసికొనిపోవును. ఆ ఆమ్లమును బ్రతికిన చీమకు పూసినను, అది కాళ్లు తన్నుకొనుచుండగానే శవమువలె మోసికొనిపోయి పారవేసినవట! తనను తాను శుభ్రపరచుకొని ఆ వాసన పోగొట్టుకొనువరకు దానికి ఇంటిలో చోటు లేదు.

2018లో వెలువడిన మరియొక పరిశోధనలో నల్లచీమల వీపులపై గుర్తుచీటీలు అంటించి, అవి ఎచ్చట నున్నదియు యంత్రముతో అనుక్షణము కనిపెట్టిరి. మేత తెచ్చు చీమలలో కొన్నింటికి బూజుతెగులు బీజములను తాకించిరి. రోగలక్షణము కనబడకమునుపే అవి పుట్ట బయట ఎక్కువ కాలము గడపసాగెను. బీజములు తాకని మేతచీమలు సైతము దూరము పాటించెను. పిల్లలను పెంచు దాదిచీమలు పిల్లలను లోపలిగదులకు మార్చెను. రాణిచీమయు, పిల్లలను సాకు దాదులును రోగమునకు దూరమైనవి. ఏ ఆజ్ఞయు లేదు, ఏ చాటింపును లేదు. అయినను పుట్ట నడుచు తీరే మారిపోయినది.

మన ప్రాంతపు తేనెటీగను చూతము. చెట్టుతొర్రలలోను, గోడసందులలోను పట్టు పెట్టు ఈ ఈగనే మనవారు పెట్టెలలో పెంచుదురు. వరోవా అను పిడుదువంటి పురుగు దీని పాతశత్రువు. ఒంటిపై ఆ పురుగు ఎక్కిన, ఈగ తాను దులుపుకొనును. చాలనిచో తోటి ఈగలు వచ్చి పట్టి లాగివేయును. పోతుటీగ పిల్ల ఆ పురుగుల బారినపడి గదిలోనే చచ్చినచో, ఆ గదిమూతను తెరువక పురుగులను అందే సమాధి చేయును. పడమటిదేశపు తేనెటీగకు ఈ నేర్పు అంతగా లేనందున, ఇరువదవ శతాబ్దమున ఆ పురుగు దానికి సోకినప్పుడు లెక్కలేని పట్టులు నశించెను. మన ఈగకును అన్నింటిని ఎదుర్కొను శక్తి లేదు. 1990 దశాబ్దపు ఆరంభమున థాయి శాక్‌బ్రూడ్ అను వైరసు వచ్చి దాని పిల్లలను నీటిసంచులవలె చేసి చంపెను. కర్ణాటకములోను, పొరుగురాష్ట్రములలోను పెట్టెలలోని ఈగల కుటుంబములు అత్యధికభాగము నాశనమయ్యెను. మిగిలిన కొద్దివాటినుండియే మరల సంతతి పెరిగినది.

అయితే చీమలను, తేనెటీగలను చూచి అన్నియు నేర్చుకొనరాదు. కొన్ని చీమలు తెగులు సోకిన పిల్లలను గూడు చీల్చి బయటికి లాగి తమ విషముతో చంపివేయును. తేనెటీగలును రోగపు పిల్లలను బయటికి ఈడ్చి పారవేయును. పుట్ట బ్రతికిన చాలును. ఒక్క చీమ లెక్కకు రాదు. మనకు ఒక్కొక్క బిడ్డయు లెక్కయే.

కావున మనకు దగ్గరి ప్రాణుల వంక చూచుట మేలు. ఆఫ్రికాలోని గాబన్ అడవులలో మాండ్రిల్ అను రంగుమొగపు కోతులున్నవి. పేలు చూచుకొనుటయే వాటి స్నేహము. కడుపులో క్రిములున్న కోతిని తక్కినవి మలపు వాసనను బట్టి గుర్తించి, దానికి పేలు చూచుట తగ్గించునని 2017లో తేలినది. మందిచ్చి క్రిములు పోగొట్టిన పిదప మరల దరిచేరి పేలు చూచినవి! 2020లో అదే గుంపును గూర్చి మరియొక సంగతి ప్రకటించిరి. దగ్గరి తల్లివైపు బంధువులు మాత్రము రోగపు కోతిని విడువక ఎప్పటివలెనే పేలు చూచుచుండెనట.

అమెరికాఖండపు రక్తము త్రాగు గబ్బిలముల కథయు ఇట్టిదే. జబ్బుపడిన గబ్బిలము మందకొడిగా నుండి, తోటివాటితో కలయిక తగ్గించుకొనును. దానిని నాకి శుభ్రపరచు నేస్తములును తగ్గిపోవును. కాని దానికి ఆహారము పంచిపెట్టు నేస్తముల సంఖ్య తగ్గలేదని 2020లో కనుగొనిరి. తల్లికిని బిడ్డకును నడుమ శుభ్రపరచుకొనుటయు అంతగా తగ్గలేదు. తాకుట తగ్గినది, తిండి ఆగలేదు.

ఇక మన ఊరి సంగతి. 1898 ఆగస్టున బెంగుళూరికి ప్లేగు వచ్చినది. ఎలుకలు రాలిన ఇండ్లను విడిచి జనులు బయళ్లలో గుడిసెలు వేసికొనిరి. ఎలుక చచ్చి చల్లబడగానే దాని ఒంటిమీది దుముకుడు పురుగులు మనుష్యులపైకి వచ్చి ప్లేగును అంటించునని అదే సంవత్సరమున కరాచీలో పాల్-లూయీ సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు నిరూపించెను. ఆ ప్లేగు తరువాతనే ఊరి ఇరుకు తగ్గించుటకై మల్లేశ్వరము, బసవనగుడి విశాలమైన వీధులతో పెరిగినవి. నేడు మనము నడుచు వెడల్పుదారులలో ఆ భయపు జాడ కలదు.

పోయిన సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఆటలమ్మ పోసి మూడు వారములు బడికి రాలేదు. వచ్చిన దినమున ఆమె బల్లమీద మరెవ్వరును కూర్చుండలేదు. కారణమడిగితిని. “మాకు అంటుకుంటే, సార్?” అని ఒకరు మెల్లగా పలికిరి. “పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టినాక ఆటలమ్మ అంటదు. పొక్కులు కనబడకముందు ఒకటి రెండు దినాలనుంచే అంటుతుంది. అప్పుడు మీరంతా ఆమె పక్కనే కూర్చుని పుల్లఐసు తిన్నారు. ఇప్పుడు ఏ భయమూ లేనప్పుడు లేచిపోయినారు” అంటిని. తరగతియంతయు నవ్వినది. ఆ బాలికయు నవ్వినది. నవ్వు ముగియకమునుపే ఇద్దరు తమ సంచులతో ఆమె బల్లకు మారిరి.

నా చిన్ననాట మా చిత్తూరు జిల్లా పల్లెలో ఆటలమ్మ పోసిన ఇంటి గడపకు వేపమండలు కట్టెడివారు. ఆ మండలను చూచి పొరుగువారు లోపలికి పోరు. కాని పొరుగింటి అవ్వ మజ్జిగచెంబు తెచ్చి తిన్నెమీద పెట్టి, “అమ్మీ, చెంబు తీసుకో” అని కేక వేసి పోయెడిది. దూరమును, దయయు ఒక్క గడప దగ్గరనే యుండెను.

పిల్లలారా, మూగజీవుల దూరము రోగముతో వచ్చి రోగముతో పోవును. మనుష్యుడు కల్పించుకొనిన అంటరానితనమునకు ఏ రోగమును లేదు, ఏ గడువును లేదు. పుట్టుకయే దానికి సాకు. దానిని 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దుపరచినది. “అంటు” అను మాటను అంత చెడుగా వాడిన ప్రాణి మనిషి తప్ప మరియొకటి లేదు. రోగమునుండి తొలగుట వివేకము. మనిషినుండి తొలగుట పాపము.

తల్లిదండ్రులకు ఒక మనవి. జ్వరపు బిడ్డను బడికి పంపవలదని మేము చెప్పుదుము. బేల్దారి పనికి పోవు ఒక తల్లి నన్ను సూటిగా అడిగినది: “పనికి పోకుంటే ఆ దినం కూలి లేదు సార్. బిడ్డను ఇంట్లో ఒంటిగా పెట్టి పోయేదెట్ల?” ఆ ప్రశ్నకు నీతివాక్యము సమాధానము కాదు. మేతచీమ కొన్ని దినములు బయట నిలిచినను పుట్టకు ఆకలి లేదు. తక్కిన చీమలు పని చేయుచున్నవి. మనలో ఒక ఇంటివారు బిడ్డకొరకు ఆగిపోయినచో, ఆ ఇంటి బియ్యమును, మందును, ఆ దినపు పాఠమును తక్కిన ఇండ్లు పంచుకొనవలెను. పొట్టకూటికై ఊరు విడిచి వచ్చి, ఇంటిలో ఒక భాషయు వీధిలో మరియొక భాషయు మాటలాడు మనకు ఇరుగుపొరుగే చుట్టములు.

బిడ్డకు జ్వరమున్న దాచక చెప్పుడు. బడికి పంపవలదు. ఆ విద్యార్థి పాఠములను తోటివారు వ్రాసి గుమ్మమువద్ద ఇచ్చి రావలెను. కోలుకొని వచ్చిన దినమున ప్రక్కన చోటు చూపవలెను. అప్పుడే మన అంటు అంటుమామిడివలె ఫలించును.