ఆడపిల్లలకు లెక్కలు రావా?

'పీసా' అనే పరీక్ష ఒకటి ఉన్నది. పదిహేనేండ్ల పిల్లలకు ఎన్నో దేశాల్లో ఒకే తీరుగ పెడతరు. 2009 విడతలో మన దేశం నుండి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలే రాసినారు.

2022లో 81 దేశాలు, ప్రాంతాలు రాసినవి. పరీక్ష పెట్టే ఓఇసిడి కూటమి దేశాల్లో లెక్కల సగటు 472 పాయింట్లు. అందులో మగపిల్లలకు 9 ఎక్కువ. చదివి అర్థం చేసుకొనుటలో ఆడపిల్లలకు 24 ఎక్కువ. 9కే 'ఆడోళ్లకు లెక్కలు రావు' అంటరు గాని, 24కు 'మగోళ్లకు చదువు రాదు' అని ఎవరన్నా అన్నరా? నాకైతే నవ్వొచ్చింది.

81లో 40 చోట్ల లెక్కల్లో మగపిల్లలు ముందు, 17 చోట్ల ఆడపిల్లలు ముందు. మిగతా చోట్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. పుట్టుకతోనే రాకపోతే ఫిలిప్పీన్సు, జమైకా ఆడపిల్లలకు ఎట్ల వచ్చినయి? 2012 పరీక్షలో 'నాకు లెక్కలొస్తయి' అన్న ధైర్యం సమానంగా ఉన్నవారిని పోల్చి చూస్తే ఆ తేడానే లేకుండ పోయిందట.

మన రాష్ట్రంలో 2024 పదో తరగతిలో బాలికలు 93.23 శాతం, బాలురు 89.42 శాతం పాసైనారు. అయినా సెలవులకు చిన్నకోడూరు నుండి తండాకు పోతే నా చేతికి బిందె, తమ్ముని చేతికి పుస్తకం! మా యాడి బడి మొఖం చూడలేదు. అంగట్ల కూరగాయలు అమ్ముతూ చిల్లర లెక్క నోటితోనే చెప్తది. ఆమెనే 'పది అయినంక లెక్కల గ్రూపు వద్దు బిడ్డా, ఆడపిల్లవు' అంటది. దసరాకు పోయినప్పుడు ఈ అంకెలన్నీ ఆమెకు చదివి వినిపిస్తాను. తమ్ముడు కూడా వినాలె. విన్నంక ఒక బిందె వాడు తేవాలె.