బెసంట్ నగర్‌కీ మదనపల్లెకీ ఏం సంబంధం?

చెన్నైలో పనిచేసే మా చిత్తూరు జిల్లా జనాలకు ఒక అలవాటుంది. శుక్రవారం సాయంత్రం తిరుపతి బస్సెక్కేస్తారు, సోమవారం తెల్లారేసరికి మళ్ళీ చెన్నైలో దిగుతారు. చెన్నై అంటే ఆఫీసు, హాస్టలు, సాంబారు... అంతే. ఆ ఊరి చరిత్రతో మనకేం పని? నాకైతే ఇల్లు కొనాలన్న ఆలోచన మొదలయ్యాకే ఆ పని పడింది.

నా ముందున్నవి మూడు దారులు. ఓఎమ్మార్‌లో స్విమ్మింగ్ పూలున్న కొత్త అపార్ట్‌మెంటు, బెసంట్ నగర్‌లో లిఫ్టు కూడా లేని పాత హౌసింగ్ బోర్డు ఫ్లాటు, లేదా తిరుపతిలోనే ఒక స్థలం. మా నాయనను అడిగితే ఒకటే మాట. "సముద్రం పక్కన ఇల్లేందిరా? తాగను నీళ్ళుంటాయా?" వెయ్యడుగుల బోర్లు కూడా ఎండిపోవడం చూసిన మనిషాయన. బీచి, చల్లగాలి అంటే ఆయనకు ఎక్కదు.

సరే, అసలు విషయానికొస్తాను. బెసంట్ నగర్ పేరు అనీబిసెంటుది. ఆవిడ 1933లోనే పోయారు, ఈ కాలనీని చూడనే లేదు. పక్కనే అడయారులో ఉన్న దివ్యజ్ఞాన సమాజం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ సమాజం 1882లో అడయారు నది ఒడ్డున తోట కొని అక్కడ స్థిరపడింది. మన జిల్లాతో సంబంధం కూడా అక్కడే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1909లో తండ్రికి సమాజంలో పని దొరకడంతో అడయారు చేరాడు. లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూసి 'జగద్గురువు' అవుతాడని తేల్చింది ఆ బీచిలోనే. అనీబిసెంటు 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించారు. 1919లో టాగూరు జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసింది అక్కడే. అంటే ఆ కాలనీ పేరు మనకు మరీ పరాయిదేం కాదు.

కాలనీ కట్టకముందు అక్కడ ఉన్నది ఇసుక, సరుగుడు తోటలు అనుకుంటాం. కానీ మనుషులున్నారు. ఊరూరు కుప్పం, ఆల్కాట్ కుప్పం జాలరుల ఊళ్ళు. మా పడమటి కుప్పం వేరు, అక్కడ కుప్పం అంటే జాలరి పల్లె. ఆల్కాట్ అంటే దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకాయన. దళితుల పిల్లల కోసం ఆయన 1894లో పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. బీచిలో నిలబడి ఉండే తెల్లటి కట్టడం 1930 డిసెంబరు 30న తోటివాళ్ళను కాపాడబోయి మునిగిపోయిన ష్మిత్ అనే డెన్మార్కు నావికుడి స్మారకం. సెల్ఫీలు తీసుకునే మావాళ్ళలో ఎందరికి తెలుసో మరి!

1970లలో తమిళనాడు హౌసింగ్ బోర్డు ఇక్కడ కాలనీ వేసింది. నాకు నచ్చింది వాళ్ళు చేసిన పని వరస. ముందు అవెన్యూలు, వాటికి అడ్డంగా క్రాస్ స్ట్రీట్లు గీశారు. ఆ తర్వాతే ఇళ్ళు. ఒకే కాలనీలో పెద్ద జీతగాళ్ళకు, మధ్యతరగతికి, చిన్న జీతగాళ్ళకు వేరువేరు కొలతల్లో కట్టారు. అష్టలక్ష్మి గుడి, వేళాంకణ్ణి చర్చి కూడా ఆ దశాబ్దంలో వచ్చినవే. మన భాషలో చెప్పాలంటే ముందు డిజైన్, తర్వాత కోడింగ్.

ఓఎమ్మార్‌లో దీనికి తలకిందులు. 2000లో టైడెల్ పార్కు తెరిచారు, కంపెనీలు వచ్చాయి, వాటి వెనకాలే అపార్ట్‌మెంట్లు లేచాయి. షోళింగనల్లూరు లాంటి ఊళ్ళు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది 2011లో. అంటే జనం ముందొచ్చారు, డ్రైనేజీ, మంచినీళ్ళు తర్వాత మొదలయ్యాయి. 2019 వేసవిలో నీళ్ళు లేక కొన్ని కంపెనీలు ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. జోలార్‌పేట నుంచి చెన్నైకి రైల్లో నీళ్ళు తెచ్చారు. మన కుప్పం నుంచి కాస్త దూరమే ఆ జోలార్‌పేట! మరోపక్క ఎన్టీఆర్, ఎమ్జీఆర్ 1983లో ఒప్పందం చేసుకున్న తెలుగుగంగ నీళ్ళు 1996 నుంచి కండలేరు కాలువలో మన సత్యవేడు పక్కనుంచే చెన్నైకి పోతున్నాయి. మా నాయన ప్రశ్నకు జవాబు ఏంటంటే, నీళ్ళుంటాయి నాయనా, కాకపోతే అవి మన వైపు నుంచే వస్తాయి.

అలాగని బెసంట్ నగర్ స్వర్గమేం కాదు. కాలనీకి గీసిన ప్లానులో కుప్పాలకు చోటు దొరకలేదు. అవెన్యూలో ఫ్లాటు కోట్లు పలుకుతుంది, నాలుగడుగులేస్తే ఇరుకు సందులు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పడవలు, వలలు పోయింది వాళ్ళకే. అడయారు నది సముద్రంలో కలిసేచోట 1977లో విరిగిన వంతెన అలాగే ఉంది. అటుగా రోడ్డు వేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా జాలరులు అడ్డుపడుతుంటారు. 'అభివృద్ధికి అడ్డం' అనేయడం మనకు తేలిక. పడవ లాగి పెట్టుకునే ఇసుక వాళ్ళకు ఆఫీసు లాంటిది. మన క్యూబికల్ మీదుగా రోడ్డు వేస్తామంటే ఊరుకుంటామా? 2015లో సంగీత విద్వాంసుడు టి.ఎం.కృష్ణ, మరికొందరు కలిసి కుప్పంలోనే కచేరీలు పెట్టించారు. దాంతో సమస్యలు తీరలేదు కానీ, అవెన్యూ జనం కొందరు మొదటిసారి ఆ సందుల్లోకి నడిచారు.

ఇదంతా తెలుసుకున్నాక నేను తిరుపతి స్థలం వైపే మొగ్గాను. చెన్నై నచ్చక కాదు, ఈఎమ్ఐ లెక్క కుదరక! అయితే ఇప్పుడు తిరుపతి కూడా ఓఎమ్మార్ దారిలోనే పోతోంది. 2021 నవంబరులో వానలకు కాలనీలకు కాలనీలే మునిగాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించారు. చెరువులు, వంకలు ఎక్కడుండేవో మనం మర్చిపోయినా నీళ్ళు మర్చిపోవు.

అందుకే నేను స్థలం చూపించినాయన్ని పాత గ్రామ పటం అడిగాను. "లింకు డాక్యుమెంట్లన్నీ క్లియర్ సార్, పటమెందుకు?" అన్నాడు. ఆ సర్వే నంబరు పక్కన వంక పోరంబోకు ఉందా లేదా అన్నది డాక్యుమెంటులో కనబడదు కదా. పటం చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వనని చెప్పేశాను. వారమైంది, ఆయన ఫోను చేయలేదు.

మీలో తిరుపతిలో స్థలం కొన్నవాళ్ళుంటే చెప్పండి, మీరు పటం చూశారా?