వెన్నమీది వ్రాత

తెలుగు లిపి గుండ్రదనానికి తాటాకే కారణమని పెద్దలు చెబుతారు. గంటంతో ఈనెల వెంట తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుంది గనుక అక్షరాలు వంపులు తిరిగాయట. ముప్పది యేండ్లు తరగతిలో ఈ మాట చెప్పాను. ఆ వంపుల వెనుక చేతికి కలిగే శ్రమ ఎట్టిదో ఈ మధ్య నా పూర్వ విద్యార్థిని ఒకామె చెప్పగా విన్నాను. ఆమె రాజమహేంద్రవరంలో ఒక దుకాణంలో కేకులు అలంకరిస్తుంది. డిగ్రీ చదివి కేకులకు క్రీము పూయడమేమిటని బంధువులు ఈసడించారట. వారి పిల్లల పుట్టినరోజు కేకులు మాత్రం ఆమె చేతిమీదుగానే వెళుతున్నవి!

తిరిగే పీటమీద కేకును నిలిపి, పొరపొరకూ పంచదార నీరు చిలకరించి, ముందు పలుచని పూత ఒకటి వేసి చల్లబరచవలె. రాలే పొడిని పట్టి ఉంచేది ఆ తొలిపూతే. దానిమీద అసలు పూత. ఆ తరువాత వ్రాత. గోరింటాకు కోను వంటి పొట్లంలో క్రీము నింపి, కొస ఎంత కత్తిరిస్తే గీత అంత లావు. ఒత్తిడి ఆపకుండా చేయి ఎత్తితే అక్షరానికి తోక సాగుతుంది.

మన లిపితో చిక్కంతా వత్తులది. అరకిలో కేకుమీద 'పుట్టినరోజు శుభాకాంక్షలు' రెండు వరుసలు పట్టాలి. పై వరుసలోని టవత్తు దిగివచ్చి శుభాకాంక్షల నెత్తిన పడుతుంది. అందుకే తక్కినవారు తెలుగు అడిగినా ఇంగ్లీషు లిపిలో వ్రాసి పంపుతారు.

"మాస్టారూ, వత్తులు లేని దీవెన ఒకటి చెప్పండి" అని ఫోను చేసింది.

"శతమానం భవతి" అన్నాను. ఏడక్షరాలు, ఒక్క సంయుక్తాక్షరమూ లేదు.

సాయంత్రం ఫొటో పంపింది. భకారం కింది చిన్న గీత మొదట జారిపోయిందట. "అది లేకపోతే 'బవతి' అవుతుంది కదండీ! గీకి మళ్ళీ వ్రాశాను. ఆలస్యమని యజమాని కేకలేశాడు" అన్నది. పదవ తరగతిలో ఆమె తెలుగు మార్కులు అంతంతమాత్రమే. పది నిమిషాలలో కత్తి కిందికి పోయే అక్షరం కోసం ఆ పిల్ల తిట్లు తిన్నది. నీటిమీది వ్రాత కన్న దీని ఆయుస్సు ఏపాటి ఎక్కువ?

మొన్న డిసెంబరు 31న తెల్లవారుజామున నిలబడితే అర్ధరాత్రి దాకా కొత్త సంవత్సరపు కేకులేనట. మరునాడు మణికట్టు వాచి గ్లాసు పట్టుకోలేకపోయింది. వైద్యుడు విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. ఆమె సెలవు ముగించుకొని వచ్చేసరికి, తినదగిన కాగితంమీద అక్షరాలు అచ్చువేసే యంత్రం ఒకటి దుకాణంలో వెలసింది. అందులో వత్తులు చక్కగానే పడుతున్నాయని ఆమే చెప్పింది, కాస్త నెమ్మదిగా.

వచ్చే నెల మా మనుమరాలి పుట్టినరోజు. దాని పేరు రెండే అక్షరాలు, రెండింటికీ వత్తులే, పెట్టినది నేనే. చేతితోనే వ్రాయాలని, తొందర లేదని, నాలుగు రోజులు ముందుగానే చెప్పి ఉంచాను. అక్షరాలకు చోటుండాలని కిలో కేకు చెప్పాను.