ఒక్క ఇంజన్ మేస్త్రీ, అన్ని ఇంజన్ల మేస్త్రీ

మా వీధి చివర టైలరు ఏదైనా కుడతాడు. జాకెట్లు, చుడీదార్లు, పిల్లల యూనిఫాంలు, కర్టెన్లు, చివరికి చిరిగిన సంచులు కూడా. అయినా పట్టుచీర కొన్నప్పుడు నేను రెండు ఆటోలు మారి, జాకెట్టు తప్ప ఇంకేదీ కుట్టని ఆవిడ దగ్గరికే వెళ్తాను. మీలో చాలామంది ఇదే పని చేస్తారని నాకు తెలుసు. ఇదే లెక్క కారు ఇంజన్లకీ ఉంటుందనీ, దాని మీద మొగుడూ పెళ్ళాలు మూడు రోజులు మాట్లాడుకోకుండా ఉండగలరనీ మాత్రం పోయినేడాదే తెలిసింది.

పోయినేడాది చెల్లి పురుడుకి డాలస్ వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అవడంతో అమ్మ వంతు నాకు పడింది. నాలుగు నెలలు ఉన్నాను. పిల్లాడికి నలుగు, స్నానం, సాంబ్రాణి, చెల్లికి పత్యం వంట, మధ్యలో బట్టలు మడతపెట్టడం. వాషింగ్ మెషీన్ గరాజ్ పక్కనే ఉండేది. గరాజ్‌లో మా మరిది పోర్షే కారు ఉండేది. 2002 మోడల్ 911. నేను వెళ్ళేటప్పటికే అది కదలడం మానేసింది.

పోర్షే అనగానే కోట్లు అనుకోకండి. పాతది, సెకండ్ హ్యాండ్‌లో మామూలు కొత్త కారు ధరకి కొన్నాడు. మా మరిది వాళ్ళ నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ మేస్త్రీ. ఆ కుర్రాడు గ్రీజు వాసనలో పెరిగాడు. ఎప్పటికైనా 911 కొనాలని ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ అనుకున్నాడట. కొన్న రెండేళ్ళకి ఇంజన్లోంచి టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. ఇల్లు కొనడానికి దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. చెల్లి జీతం లేని సెలవులో ఉంది. "ఉన్నదున్నట్టు అమ్మెయ్" అని చెల్లి. "ఇంజన్ పోయిన కారుకి ఎవడిస్తాడు, బాగుచేయిస్తే విలువ నిలబడుతుంది" అని అతను. గొడవ మొదలైంది అక్కడ.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకు ఇంజన్ల గురించి ఏం తెలుస్తుంది అనుకుంటున్నారా? నాలుగు నెలలు రోజూ గంటసేపు బట్టలు మడతపెడుతూ వింటే ఎవరికైనా తెలుస్తుందండీ. పైగా అతను బాగా చెప్తాడు. "వదినగారూ, మామూలు కార్లలో సిలిండర్లు నిలబడి ఉంటాయి. ఇందులో ఆరూ పడుకుని ఉంటాయి, ఇటు మూడు, అటు మూడు" అని రెండు అరచేతులూ పక్కలకి చాపి చూపించాడు. 911 మొదట 1963లో వచ్చింది. ముప్పై ఏళ్ళకి పైగా గాలితోనే చల్లబడే ఇంజన్ పెట్టారు. 1997లో వచ్చిన 996 అనే మోడల్‌తో నీళ్ళతో చల్లబడే ఇంజన్‌కి మారారు. దాని పేరు ఎమ్96. దానికి ప్రసిద్ధికెక్కిన జబ్బులు రెండున్నాయి. ఒకటి, లోపల గొలుసుల్ని తిప్పే ఇరుసు చివర ఉండే బేరింగు. అది పోతే కవాటాలు తెరుచుకునే వేళ తప్పి, పిస్టన్లు వెళ్ళి వాటిని గుద్దుకుంటాయి. దాని మీద అమెరికాలో కోర్టు కేసయి 2013లో రాజీ కూడా కుదిరింది. రెండోది సిలిండరు గోడల మీద గీతలు పడటం. తమాషా ఏమిటంటే, అదే 996 పేరు మీద వచ్చిన టర్బో, జీటీ3 కార్లకి ఈ ఇంజను కాదు, హాన్స్ మెట్స్‌గర్ అనే ఇంజనీరు పేరుతో పిలిచే వేరే ఇంజన్ ఉంటుంది. దానికి ఈ బేరింగు జబ్బు లేదు. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. ఇది తెలియనివాడు ఇంజన్ విప్పితే ఏమవుతుందో ఊహించుకోండి.

అదే జరగబోయింది. ఊళ్ళో అన్ని రకాల కార్లూ చూసే ఒక మంచి మెకానిక్ దగ్గరికి ముందు తీసుకెళ్ళాడట. అతను స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి సన్న కెమెరా పంపి చూసి, సిలిండర్లు శుభ్రంగా ఉన్నాయి, చప్పుడు పైన కవాటాల దగ్గర్నుంచి వస్తోంది, అక్కడి సామాను మారుద్దాం అన్నాడట. మోసం కాదు, అతనికి తెలిసినంత వరకూ అది సరైన మాటే. చాలా ఇంజన్లలో టిక్ టిక్ అంటే అదే.

తర్వాత పక్క రాష్ట్రంలో ఈ ఒక్క రకం ఇంజన్లే కట్టే ఒకాయనకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ నేనూ విన్నాను, స్పీకర్లో పెట్టాడు. ఆయన కారు చూడలేదు, చప్పుడు వినలేదు. మూడే మూడు ప్రశ్నలు అడిగాడు. నూనె ఎంత తాగుతోంది? చప్పుడు ఒకవైపు నుంచేనా? వెనకాల పొగగొట్టాల్లో ఒకటే నల్లబడుతోందా? మా మరిది వెళ్ళి వేలుపెట్టి చూశాడు. ఒకటి మసిబారి ఉంది, రెండోది మామూలుగా ఉంది. "పైనుంచి కాదు, కింద నూనె తొట్టి విప్పి, అక్కణ్ణుంచి కెమెరా పెట్టి చూడు. ఆరో సిలిండరు ముందు చూడు" అన్నాడాయన. చూశారు. ఆరో సిలిండరు గోడ మీద, కింది భాగంలో, పిల్లి గీరినట్టు నిలువు గీతలు. పైనుంచి చూస్తే అవి కనపడని చోట ఉన్నాయి.

నాకు ఆ క్షణమే అర్థమైంది, ఒకే ఇంజన్ వందసార్లు విప్పినవాడికీ వంద ఇంజన్లు ఒక్కోసారి విప్పినవాడికీ తేడా. మొదటివాడికి ఎక్కడ చూడాలో తెలుసు. కానీ ఆయన చెప్పిన ఖర్చు వింటే చెల్లికి పత్యం అరగలేదు. కారు కొన్నదానికంటే ఎక్కువ. పైగా వరసలో ఎనిమిది నెలలు ఆగాలి.

అక్కడి నుంచే మూడు రోజుల మౌనం. నేను మధ్యలో "కూర ఎలా ఉంది" అని ఇద్దర్నీ విడివిడిగా అడుగుతూ కూర్చున్నాను.

నాలుగో రోజు మా మరిది ఇంకో దారి చెప్పాడు. ఊరి అంచున నలభై ఏళ్ళుగా పందెం కార్ల ఇంజన్లు కడుతున్న ముసలాయన ఉన్నాడు, ఏ ఇంజనైనా కడతాడు, ఖర్చు సగం కూడా అవదు. ఇండియన్ స్టోర్‌కి బెండకాయలకని బయల్దేరి, దారిలో ఆ షాపుకి నన్నూ తీసుకెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టగానే ఆటోనగర్ వాసన. ఇంజన్ దిమ్మలు గోడవారగా వరసగా ఉన్నాయి, ఇనుపవి, మా రుబ్బురోలంత బరువున్నట్టు కనపడ్డాయి. చాలావరకు షెవర్లే వాళ్ళ ఎనిమిది సిలిండర్ల ఇంజన్లే. 1955లో వచ్చిన ఇంజనది, ఇప్పటికీ అమెరికాలో పందేల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు దాంతోనే మొదలుపెడతారట.

నేను చీరలో నిలబడి చూస్తుంటే ఆ ముసలాయనకి ముచ్చటేసినట్టుంది, అన్నీ చూపించాడు. వీళ్ళ కొలతంతా అంగుళంలో వెయ్యోవంతుల్లో. మన తల వెంట్రుక మందం సుమారు మూడు వెయ్యోవంతులు. ఇంజన్ లోపల క్రాంకు ఇరుసుకీ దాన్ని మోసే బేరింగుకీ మధ్య నూనె నిలవడానికి వదిలే సందు, ఇరుసు లావు అంగుళానికి ఒక వెయ్యోవంతు చొప్పున లెక్కట. రెండున్నర అంగుళాల ఇరుసైతే రెండున్నర వెయ్యోవంతులు, వెంట్రుక కూడా దూరదు. సిలిండరు గోడ గీసుకుపోతే ఇనుప దిమ్మని ముప్పై వెయ్యోవంతులు పెద్దగా బోరింగ్ కొట్టి, కాస్త పెద్ద పిస్టన్ వేసేస్తారు. ఎన్నో రకాల ఇంజన్లకి ఇవే సూత్రాలు పనికొస్తాయి. ఆ ముసలాయన బలం అది. వ్యాకరణం వచ్చినవాడు ఏ పద్యానికైనా అన్వయం చెప్పినట్టు.

అంతా విని, మా మరిది తెచ్చిన ఫోటోలు చూసి, ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "కట్టగలను. కానీ ఇలాంటివి రెండే విప్పాను. ఇది అల్యూమినియం దిమ్మ, గోడల్లో సిలికాన్ కలిపి పోతపోసింది, నా ఇనుప దిమ్మల్లా బోరింగ్ కొడితే కుదరదు. నీ డబ్బుతో నేను నేర్చుకోవడం అవుతుంది" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ ఇంజన్లో ఒకవైపు పిస్టన్లకి పిన్ను తొడగాలంటే దిమ్మ పక్కనున్న చిన్న రంధ్రాల్లోంచి, ప్రత్యేకమైన పనిముట్టుతో తొడగాలి. ఆ పిన్ను జారకుండా పట్టే చిన్న రింగు గాడిలో కూర్చుందో లేదో చేతికి తెలియాలే తప్ప కంటికి సరిగ్గా ఆనదు. కూర్చోకపోతే ఇంజన్ మొత్తం పోతుంది. "ఆ స్పర్శ నా చేతికి లేదు" అన్నాడు.

ఆ మాట అనగలిగినందుకు నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. బెండకాయలు కొనడం కూడా మర్చిపోయి ఇంటికొచ్చాం.

ఆ రాత్రి వాళ్ళ నాన్నగారితో వీడియో కాల్. డెబ్బై దాటినా గొంతు ఖంగున మోగుతుంది. ఆటోనగర్ గురించి మీకు తెలిసే ఉంటుంది, అక్కడ ఒక్కో షాపు ఒక్కో పనికి. పంపు నాజిళ్ళ షాపు వేరు, రేడియేటర్ షాపు వేరు, కమానుకట్టల షాపు వేరు, క్రాంకు గ్రైండింగ్ వేరు. ఆయన ఇంజన్ విప్పి, ముక్క ముక్కా తగిన షాపుకి పంపించి, తిరిగొచ్చినవి కొలిచి చూసుకుని కట్టేవారు. "ఎవడెన్ని కట్టాడన్నది ఒక ప్రశ్నరా. దారిలో ఆగిపోతే ఎవడి చొక్కా పట్టుకోవాలన్నది రెండో ప్రశ్న. నా దగ్గర కట్టించుకున్న లారీ నాగపూర్‌లో ఆగిపోతే ఫోను గ్రైండింగ్ షాపుకి వచ్చేది కాదు, నాకొచ్చేది" అన్నారు. మా మరిది ఆ రెండో ప్రశ్న అప్పటిదాకా ఎవర్నీ అడగలేదు.

నేను దాన్ని నా తెలుగులో ఇలా అర్థం చేసుకున్నాను. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. సమస్య ఇచ్చేవారు సమస్యే చూసుకుంటారు, దత్తపది ఇచ్చేవారు దత్తపదే, నిషిద్ధాక్షరి వారు ఆ అక్షరాలే. ఎవరి అంశంలో వాళ్ళు దిట్టలు. అన్నీ మనసులో పెట్టుకుని చివర ధారణ చేసేది మాత్రం అవధాని ఒక్కరే. నాస్కార్ పందేలకి ఇంజన్లు కట్టే పెద్ద కార్ఖానాల్లోనూ హెడ్డు చెక్కేవాళ్ళు వేరు, దిమ్మ కోసేవాళ్ళు వేరు, కూర్చేవాళ్ళు వేరు. ఎమ్96 ఇంజన్లే కట్టే ఆ పక్క రాష్ట్రపాయన కూడా సిలిండర్లలో కొత్త గొట్టాలు దిగేయడానికి వేరే చోటికి పంపిస్తాడట. అన్నీ కలిపి ఇది నాది అనేవాడు ఒకడు కావాలి. జర్మనీలో అఫాల్టర్‌బాహ్‌లో మెర్సిడెస్ ఏఎమ్‌జీ కార్ఖానాలో ఒక మనిషి ఒక ఇంజన్ అని పద్ధతి ఉంది. ఒకే మనిషి మొదటి బోల్టు నుంచి చివరిదాకా కట్టి, ఇంజన్ మీద తన సంతకమున్న రేకు బిగిస్తాడు. నిస్సాన్ జీటీ-ఆర్ కారు ఇంజన్లని యొకొహామాలో కొద్దిమంది తకుమీలు, అంటే మన భాషలో చేయితిరిగిన మేస్త్రీలు, అలాగే కట్టి పేరు వేసేవారు. వాళ్ళని ఏమంటాం? పనులన్నీ వచ్చినవాళ్ళు, కానీ కట్టేది ఒకే రకం ఇంజన్. నాకైతే అదే సరైన మనిషి అనిపిస్తుంది. ముక్కకొక నిపుణుడు ఉండి, మొత్తానికి ఎవరూ లేకపోవడమే నాకు భయం. ఆ నెల్లోనే చూశాను కదా. చెల్లిని చూసే డాక్టరు కుట్లు చూసి పంపించేసింది, పిల్లల డాక్టరు పిల్లాడి బరువు చూసి పంపించేశాడు, పాలు పట్టడం నేర్పే ఆవిడ పాల గురించి మాత్రమే మాట్లాడింది. పిల్ల రాత్రి ఎన్ని గంటలు పడుకుందని అడిగినవాళ్ళు లేరు.

మర్నాడు చెల్లే పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని పక్క రాష్ట్రపాయనకి ఫోన్ చేసింది. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళలా, కానీ ప్రస్తుతమే అడిగింది. బయటికి పంపిన పనిలో తప్పొస్తే ఎవరిది పూచీ? ఎన్ని మైళ్ళకి, ఎన్నేళ్ళకి? విప్పాక ఇంకేదైనా పోయిందని తేలితే ముందు మాకు చెప్తారా, చేసేసి బిల్లు వేస్తారా? ఆయన పూచీ అంతా తనదేనన్నాడు, కాగితం పంపిస్తానన్నాడు. అంతలో మా మరిది వెనకనుంచి, ఎలాగూ విప్పుతున్నాం కదా, సిలిండర్లు కాస్త పెద్దవి చేయిస్తే ఇంకొన్ని హార్స్‌పవర్... అన్నాడు. చెల్లి ఫోన్ మీద చెయ్యి అడ్డంపెట్టి అతని వైపు చూసింది. ఆ చూపు మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే.

ఇల్లు కొనడం ఒక ఏడాది వెనక్కి వెళ్ళింది. చెల్లికి ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడలేదు, నాతో ఫోన్లో అంటూనే ఉంటుంది. సగం డబ్బు మా మరిది తన రోజువారీ కారు అమ్మి పెట్టాడు, ఆఫీసుకి ఇప్పుడు చెల్లే దించుతోంది.

కారుని ట్రక్కు మీద ఎక్కించి పంపారు. పోయినవారం ఇంజన్ విప్పిన ఫోటోలు వచ్చాయి. ఆరో సిలిండరుతో పాటు అయిదోదానికీ గీతలు మొదలయ్యాయట. ఆయన ముందు ఫోన్ చేసి చెప్పి, ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాడు. గరాజ్‌లో కారు జాగా ఖాళీగా ఉంది కదా అని చెల్లి అక్కడ బట్టలు ఆరేసుకునే స్టాండు పెట్టుకుంది.