కోరంగివాండ్రు

యానామునుండి కాకినాడకు పోవు బస్సులో ఇంగ్లండు రాజకీయములు చర్చకు వచ్చుట నేడు వింత కాదు. కొడుకునో కూతునో అచ్చట చదివించు తలిదండ్రులు ఈ ప్రాంతమున నెందఱో కలరు. 2016లో ఐరోపా కూటమిని వీడుటకు ఓట్లు వేసిన ఆంగ్లేయులలో పలువురు వలసలనే కారణముగా చెప్పిరి. అది సంకుచితత్వమని ఒకరందురు. పరాయివాడు వచ్చి కూలి తగ్గించిన ఎవరోర్తురని మఱియొకరందురు. ఈ రెండవ మాట విన్నప్పుడెల్ల మాకు ఊరకుండ మనసొప్పదు. 1956లో కండక్టర్లు చాలక లండను రవాణాసంస్థయే బార్బడోసు ద్వీపమునకు మనుష్యులను పంపి పనివాండ్రను తెచ్చుకొనెను; పిలిచినవారిని మఱచి వచ్చినవారినే నిందించుట లోకమునకు సులభము.

ఆ బస్సు కోరంగి మీదుగనే పోవును. ఆ రేవు పేరిటనే బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీ'లనిరి. వీరు రంగూను రేవులో బరువులు మోసిరి, వీధులలో రిక్షాలు లాగిరి. 1930 మే నెలలో కూలి పెంచుమని రేవు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగనే వారిని వెడలగొట్టిరి. ఆకలిగొన్న బర్మీయుని కోపము ఆఫీసు మేడ నెక్కలేదు, ప్రక్కనున్న తెలుగువానిపై పడెను. మనవారెందఱో వీధులలో హతులైరి. ఎవడెవని కూడు తీసెను? ఇద్దఱిని చౌకగా బేరమాడినవారి నెవ్వరును అడుగరైరి.

1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొనగా, ఓడ దొరకని కూలీలు అరకాను కొండల త్రోవను, అస్సాము అడవుల త్రోవను కాలినడకన మరలిరి. పలువురు త్రోవలోనే రాలిపోయిరి.