పెనము వద్ద పదకొండేండ్లు

సాఫ్టువేరు కార్యాలయములకు భోజనము వండి పెట్టు ఒకానొక ఆహార సంస్థలో పనివారి స్థితిగతులు, వారికి లభించు సౌకర్యములు, వారిపై అధికారుల తీరు ఎట్లున్నవో చూచి వ్రాయుమని సంపాదకులు నన్ను మాదాపురమునకు పంపిరి. ఆ సంస్థ పేరుతో పాఠకులకు పని లేదు. మానవ వనరుల అధికారి యొకరు, చిన్నవాడు, మర్యాదస్తుడు, నన్ను వెంటబెట్టుకొని కూరలు తరుగు యంత్రమును, శీతల గదిని, గోడకు తగిలించిన ‘ఈ నెల ఉత్తమోద్యోగి’ ఛాయాచిత్రమును చూపి, “మేమంతా ఒకే కుటుంబమండి” అనెను. ఆ మాట వినగానే నాకు కలిగిన చిరాకును దాచుకొని ముందుకు సాగితిని గాని, దోసెల కౌంటరు వద్దకు వచ్చుసరికి ఇక నా కాళ్ళు కదలలేదు.

అచ్చటి మాస్టరు సోంపేట ప్రాంతపువాడు. కాలుచున్న పెనముపై నీళ్ళు చిలుకరించి, ఆ చుక్కలు చేయు చప్పుడును బట్టియే వేడి యెంతో గ్రహించి, కొబ్బరి యీనెల చీపురుతో ఒక్క ఊపున తుడిచి, సగము కోసిన ఉల్లిపాయతో రుద్ది, గిన్నె అడుగుతో పిండిని నడుమనుండి అంచులకు సుడిగా సాగదీయుచు, మొదటి దోసె వన్నె తిరుగులోపల ఆరవ దోసెకు పిండి వేయు ఆ హస్తలాఘవమును చూచుచు నేనెంతసేపు నిలిచితినో నాకే తెలియదు. ఎచ్చటను తొందర కనబడదు. ఎచ్చటను ఆలస్యమును లేదు. కుడి మణికట్టుపై పాత కాలుడు మచ్చలు వరుసగా ఉన్నవి. వరుసలో నిలిచిన యువతీయువకులు చేతి ఫోనునుండి తల యెత్తకయే “క్రిస్పీగా” అని చెప్పి పళ్ళెము చాచుచుండిరి. అతని మెడలోని గుర్తింపు పట్టీ రంగు వేరు, వారి మెడలలోని పట్టీల రంగు వేరు.

మూడు గంటలకు రద్దీ తగ్గినది. గిన్నెలు తోము చోట గంజాము కుర్రవాడొకడు “మళ్ళీ కాంట్రాక్టు మారుతుందంట” అని ఎవరితోనో అనుట నా చెవిని బడినది. మాస్టరును అడిగితిని. అతడు అట్లకాడ తుడుచుకొనుచు, “కంపెనీలు మారిపోతుంటాయి బాబూ. నాను మారనేదు, పెనమూ మారనేదు. పదకొండేళ్ళయినాది. ఎప్పుడడిగినా కొత్తోడివే అంతారు” అనెను.

ఈ ఒక్క ఫిర్యాదులో ఉన్న అన్యాయమును కొంచెము విప్పి చెప్పవలసియున్నది. గ్రాట్యుటీ పొందుటకు ఒక యజమాని క్రింద ఐదేండ్ల నిరంతర సేవ కావలెనని 1972 నాటి చట్టము చెప్పినది. ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున లెక్కకట్టినచో మాస్టరుకు ఆరు నెలల జీతమునకు మించిన సొమ్ము రావలెను. కాని అతని పదకొండేండ్లలో ఏ ఒక్క కాంట్రాక్టరు క్రిందను ఐదు నిండలేదు కనుక, చేతికి వచ్చునది సున్న. భవిష్యనిధి మాత్రము, ఒకే సంఖ్య మనిషిని వెంబడించు ఏర్పాటు 2014లో వచ్చుట చేత, అతనితోకూడ కదలినది. ఇక ఈ.ఎస్.ఐ. వైద్య బీమా సంగతి: నెలజీతము 21,000 రూపాయలు దాటినవారికి అది వర్తింపదు, కొద్దిపాటి పెంపు వచ్చి ఆ గీటు దాటిన పిమ్మట, గంటల తరబడి నిలుచుటచే నరములు ఉబ్బిన కాళ్ళను చూపించుకొనుటకు సనత్‌నగర్ ఆసుపత్రి అతనికి లేకపోయెను.

మంచి లేదని కాదు. పూట భోజనమునకు లోటు లేదు. 2020 మార్చిలో కార్యాలయములన్నియు ఇండ్లకు తరలిపోయి వంటశాల మూతపడినప్పుడు, అప్పటి స్టోరు సూపర్వైజరు ఒకాయన, రైళ్ళు నడచువరకు, వీరి గదికి బియ్యము, పప్పు తన సొంత పూచీపై పంపించెనట. ఆంగ్లము రాని ఆ మనిషిని గూర్చి చెప్పునప్పుడు మాస్టరు గొంతు మారినది. నాయకత్వమనగా నాకు తెలిసినంతలో ఇదియే. దానిని గోడపై అతికింపలేము. ఆయనయు పాత కాంట్రాక్టుతోనే వెడలిపోయెను.

ఇప్పుడు వారమున నడుమ మూడు దినములే కార్యాలయములు నిండును గనుక, సోమ శుక్రవారములలో వంటశాలలో మనుష్యులను తగ్గించుచున్నారు.

1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటినుండి ఈ ప్రాంతమునకు రాని వ్యాపారము లేదు. ఆహార సంస్థలును వచ్చినవి: పెప్సికో 2019లో వచ్చినది, మెక్‌డొనాల్డ్స్ 2025 అక్టోబరులో, అమెరికా వెలుపల తమకు అతి పెద్దదని చెప్పుకొనిన కార్యాలయమును హైటెక్ సిటీలో తెరచినది. అచ్చట లెక్కలు, సమాచార విశ్లేషణ, సిబ్బంది వ్యవహారములు నడచును; పొయ్యి మాత్రము వెలుగదు. లోకమునకు తిండి అమ్ము సంస్థల ఉద్యోగులు సైతము మధ్యాహ్నము ఎవరో ఒకరు వండినదే తినవలెను గదా!

ఆ వండువానిని చట్టము ఎట్లు చూచుచున్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించిన కర్మాగారములలో క్యాంటీను ఏర్పరుపజేయుటకును, దాని నిర్వహణ సంఘములో కార్మికులకు స్థానమిచ్చుటకును ప్రభుత్వములకు అధికారమిచ్చినది. 1990లో సర్వోన్నత న్యాయస్థానము రైల్వే క్యాంటీన్ల వారిని రైల్వే ఉద్యోగులుగానే ఎంచినది. 2014కు వచ్చుసరికి ఎయిర్ ఇండియా క్యాంటీను కార్మికులు ఆ సంస్థ ఉద్యోగులు కారని తీర్పు వచ్చినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో ఒకటి కాంట్రాక్టు శ్రమను సంస్థ ముఖ్యకార్యములలో నిషేధించుచు, వంట వడ్డనలను ముఖ్యము కాని పనుల జాబితాలో చేర్చినది. ఆకలి తీర్చు పని ముఖ్యము కాదని వ్రాసిన చేతులు ఏ పూట భోజనము మానినవో నాకు తెలియదు.

అదే స్మృతులు ప్రతి కార్మికునికి నియామక పత్రము ఇయ్యవలెననియు, నియతకాలిక ఉద్యోగికి ఐదేండ్లు నిండకున్నను గ్రాట్యుటీ చెల్లింపవలెననియు చెప్పుచున్నవి. మాస్టరు వద్ద నున్నది మెడపట్టీ మాత్రమే. కాంట్రాక్టు మారునప్పుడు వంటవారి సేవాకాలమును కొత్తవాడు తన లెక్కలోనికి తీసికొనవలెనను షరతును టెండరు పత్రములో చేర్చుటకు ఏ చట్టమును అడ్డురాదు. భోజనపు ధర దగ్గర పైసలకు బేరమాడు కార్యాలయములు ఈ ఒక్క పంక్తి వ్రాయించుటకు ఏల వెనుదీయుచున్నవో నాకు బోధపడదు. ఆ భవనములలో భోజనము చేయు పాఠకులెవరైన ఉన్నచో, తమ అడ్మిన్ విభాగమువారిని ఇంతమాత్రము అడుగవలెనని నా మనవి: మన దోసెల మాస్టరుకు నియామక పత్రము ఇచ్చినారా? అతని సేవాకాలమును ఏ సంవత్సరమునుండి లెక్కించుచున్నారు?